ఆటయే పిల్లల మాట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఒక గ్రామము ఇరువదియైదు సంవత్సరములు తన గ్రంథాలయమును నిలుపుకొనుట సామాన్యమైన విషయము కాదు. ఇట్టి సభలలో గ్రంథములను గూర్చియు, పాఠకులను గూర్చియు మాటాడుట ఆచారము. నేడు నేను ఇంకను అక్షరములు రాని చిన్నవారిని గూర్చి మాటాడదలచితిని. అక్షరములు రాకమునుపే పిల్లలు ఒక భాషను నేర్చియుందురు. ఆ భాష ఆట. ఆ భాషను విని, దాని మూలమున బిడ్డ మనసులోని వ్యథను తీర్చు విద్య ఒకటి కలదు. దానిని ఆంగ్లమున ‘ప్లే థెరపీ’ అందురు. మనము క్రీడాచికిత్స అనుకొందము.

నేను చెప్పదలచినది ముందుగనే చెప్పెదను. ఆట పిల్లలందరకు అన్నము వంటిది. క్రీడాచికిత్స కొందరు పిల్లలకు, కొన్ని సమయములందు అవసరమగు ఔషధము. అన్నము ప్రతి యింటను పెట్టవచ్చును, పెట్టవలెను. ఔషధము మాత్రము ఆ విద్య నేర్చినవారే ఇయ్యవలెను. ఈ రెంటికిని గల భేదమును తెలిసికొన్నచో, మన గ్రామమున ఏ బిడ్డ యైనను లోలోపల కుమిలిపోవుచున్నప్పుడు మనమేమి చేయవలెనో, ఏమి చేయరాదో తేటపడును.

మన ఇండ్లలో ఆడపిల్లలు లక్కపిడతలు ముందు పెట్టుకొని గుజ్జనగూళ్లు వండుట అందరును చూచినదే. ఆ ఆటను ఒక్క నిమిషము చెవియొగ్గి వినుడు. బొమ్మను పట్టుకొని ఆ పిల్ల గద్దించు గొంతు తల్లిది. “మీ నాన్న రానీ, నీ పని చెప్తాను” అను బెదిరింపు మనదే. పగలు ఇంటిలో జరిగినది సాయంకాలము బొమ్మరింటిలో జరుగుచుండును. భేదమేమనగా, ఇంటిలో ఆ పిల్ల తిట్లు తినునది. బొమ్మరింటిలో ఆమెయే పెద్దది. తన చేతిలో లేని విషయమును చేతిలోనికి తెచ్చుకొని, త్రిప్పి చూచి, భరించుట నేర్చుకొనుచున్నది. పెద్దవారు కష్టము కలిగినప్పుడు ఇరుగుపొరుగు వారితో చెప్పుకొని ఎట్లు ఉపశమనము పొందుదురో, చిన్నపిల్లలు ఆటవలన అట్లు పొందుదురు.

అయినచో ప్రతి దుఃఖమును ఆటయే తీర్చును గదా, చికిత్స యెందులకు అని మీరు అడుగవచ్చును. దీనికి ఒక నిదర్శనము కలదు. 1976వ సంవత్సరమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున చౌచిల్లా అను చిన్న పట్టణములో బడిపిల్లలు 26 మందిని, వారి బస్సు డ్రైవరుతో సహా, దుండగులు అపహరించి, భూమిలో పాతిన ఒక వాహనములో బంధించిరి. పిల్లలందరును ప్రాణములతో బయటపడిరి. తరువాత లెనోర్ టెర్ అను మానసిక వైద్యురాలు ఆ పిల్లలను చాలకాలము పరిశీలించినది. వారిలో కొందరు ఆ భయంకర సంఘటననే మరల మరల ఆడుచుండిరి. ఆ ఆటలో నవ్వు లేదు. ఎన్నిమార్లు ఆడినను భయము తగ్గలేదు. ఆట ముందుకు సాగక గానుగ యెద్దువలె ఒకే చుట్టు తిరుగుచుండెను. సామాన్యమైన ఆట మనసును తేలికపరచును. గాయపడిన మనసు ఆట ఒక్కొక్కప్పుడు గాయమునే కెలకుచుండును. అట్టి సమయమున బిడ్డ ప్రక్కన నేర్పుగల పెద్దమనిషి యొకరు ఉండవలెను. క్రీడాచికిత్స అక్కడ ఆరంభమగును.

ఈ విద్య పుట్టి నూరేండ్లు దాటినది. 1909లో వియన్నా నగరమున సిగ్మండ్ ఫ్రాయిడ్ ఒక అయిదేండ్ల బాలుని వృత్తాంతమును ప్రకటించెను. ఆ బాలునకు గుఱ్ఱములన్న మిక్కిలి భయము. తండ్రి బిడ్డ మాటలను, చేష్టలను, కలలను గమనించి తెలుపగా, ఫ్రాయిడ్ ఆ భయమునకు కారణము మనసులో వెదకెను. చిన్నపిల్లల భయమునకును అర్థమున్నదని లోకమునకు తోచుటకు అది యొక తొలిమెట్టు. తరువాత మెలనీ క్లెయిన్ అను విదుషి పిల్లలకు చిన్న చిన్న బొమ్మలిచ్చి, పెద్దలు మాటలలో చెప్పుదానిని పిల్లలు ఆటలో చెప్పుదురని వాదించినది. ఆమె 1926లో లండనునకు వచ్చి స్థిరపడినది. ఫ్రాయిడు కుమార్తె అన్నా ఫ్రాయిడ్ కొంత భేదించినది. ఆడు ప్రతి ఆటకును గూఢార్థము చెప్పరాదని, ముందు బిడ్డ నమ్మకమును సంపాదింపవలెనని, తల్లిదండ్రులను కూడ కలుపుకొనిపోవలెనని ఆమె మతము. ఈ వాదము చాలకాలము సాగినది. దానివలన విద్యకు పదును వచ్చినది.

లండనులోనే మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అను వైద్యురాలు 1928లో పిల్లలకొక చికిత్సాలయమును తెరచినది. ఆమె ఇసుక నింపిన తొట్టిని, మనుష్యులు, పశువులు, ఇండ్లు, చెట్లు, బండ్లు మొదలగు చిన్న బొమ్మలను పిల్లల యెదుట ఉంచెడిది. పిల్లలు ఆ ఇసుకలో తమకు తోచిన ‘ప్రపంచము’ను నిర్మించెడివారు. మన పిల్లలు ఇసుకలో పాదముపై పిచ్చుకగూళ్లు కట్టుట, సంక్రాంతికి బొమ్మల కొలువు పేర్చుట ఎరిగిన మనకు ఇది సులభముగా బోధపడును. కాని కొలువులో ఏ బొమ్మ ఏ మెట్టుపై ఉండవలెనో పెద్దలు చెప్పుదురు. ఆ ఇసుకతొట్టిలో చెప్పువారు లేరు. తండ్రి బొమ్మను మూలకు నెట్టినను, ఇంటి చుట్టును కంచె మీద కంచె కట్టినను, అది ఆ బిడ్డ ఇష్టము. చికిత్సకురాలు చూచును, తప్పుపట్టదు.

ఈ చూచు పద్ధతిని సూత్రములుగా కూర్చినది అమెరికా దేశపు వర్జీనియా ఆక్స్‌లైన్. 1947లో ఆమె ప్రకటించిన గ్రంథములో ఎనిమిది నియమములు కలవు. వాని సారము నా మాటలలో చెప్పెదను. బిడ్డతో స్నేహభావము కుదుర్చుకొనవలెను. బిడ్డ ఎట్లున్నాడో అట్లే స్వీకరింపవలెను. ఏ భావమునైనను వెలిబుచ్చుటకు స్వేచ్ఛ యీయవలెను. ఆ భావమును గుర్తించి, బిడ్డకు తెలియునట్లు తిరిగి పలుకవలెను. తన చిక్కును తాను విప్పుకొను శక్తి బిడ్డకు కలదని గౌరవింపవలెను. బిడ్డ ముందు నడువగా పెద్దవారు వెనుక నడువవలెను. తొందర పెట్టరాదు. కడపటిది, అత్యవసరమైన హద్దులు మాత్రమే పెట్టవలెను.

చదువుటకు సులభముగా తోచు ఈ నియమములు ఆచరణలో ఎంత కఠినమో పిల్లలను పెంచిన ప్రతి తల్లికిని తెలియును. బిడ్డ ఏనుగును నీలముగా రంగువేసినచో, “ఏనుగు నల్లగా ఉంటుందమ్మా” అనకుండ ఊరకుండుట మనకు సాధ్యమా? బొమ్మను నేలకు కొట్టినచో, “తప్పు, అట్లా చేయకూడదు” అనకుండ ఉండగలమా? చికిత్సకురాలు అట్లనదు. “ఆ బొమ్మమీద నీకు చాలా కోపంగా ఉంది” అనును. అంతమాత్రమే. తన కోపమును ఒకరు చూచిరని, చూచియు తన్ను వెలివేయలేదని బిడ్డకు తెలియును.

అట్లని అంతయు విచ్చలవిడి కాదు. చికిత్సాగృహమున హద్దులు కలవు. బిడ్డ చికిత్సకురాలిని కొట్టబోయినచో ఆమె తిట్టదు, కొట్టించుకొనదు. “నీకు నామీద కోపం వచ్చింది. నన్ను కొట్టకూడదు. కొట్టాలని ఉంటే ఆ దిండును కొట్టవచ్చు” అనును. మొదట భావమును గుర్తించుట, పిదప హద్దును తెలుపుట, తుదకు వేరొక దారి చూపుట, ఇది క్రమము. ప్రేమయు హద్దును ఒకే నోట వెలువడగలవని తెలియుటయే కొందరు పిల్లలకు క్రొత్త అనుభవము.

ఈ విద్య ఎట్లు పనిచేయునో తెలుపు ఒక వృత్తాంతమును ఆక్స్‌లైనుగారే 1964లో ‘డిబ్స్’ అను పేరుగల గ్రంథముగా వెలువరించిరి. డిబ్స్ అయిదేండ్ల బాలుడు. తల్లిదండ్రులు విద్యావంతులు, సంపన్నులు. బాలుడు బడిలో ఎవరితోను కలియడు, బల్లక్రింద దాగును, ఇంటికి పొమ్మన్నచో ఎదిరించి పోరాడును. మందబుద్ధియేమో అని పెద్దలు అనుమానించిరి. వారమునకు ఒక్క గంట చొప్పున ఆక్స్‌లైనుగారు అతనిని ఆటగదిలో కూర్చుండబెట్టుకొనిరి. పరీక్షింపలేదు, ప్రశ్నింపలేదు. క్రమముగా ఆ బాలునకు చదువు వచ్చుననియు, వయసుకు మించిన మేధ కలదనియు బయటపడినది. ఒకనాడు తండ్రి అని పేరుపెట్టిన బొమ్మను ఇసుకలో పూడ్చిపెట్టెను. ఆమె వారింపలేదు. ఆ కోపము ఇసుకలో వెలువడిన తరువాత, నెలలు గడచుకొలది, ఇంటిలో తండ్రితో మాటాడు మాటలు మృదువైనవి. ఆ యింటిలో ధనమునకు కొదువలేదు, ఆటబొమ్మలకును కొదువలేదు. బిడ్డ ఎట్లున్నాడో అట్లే చూచి ఓర్చుకొను ఒక్క గంట కాలమే కొదువ.

మన గ్రామములందు ఇట్టి పిల్లలు లేరా? తల్లి మరణించినచో బిడ్డకు చెప్పకుండ, “అమ్మ ఊరికి వెళ్లింది” అందుము. ఆ బిడ్డ రోజులు లెక్కించును. పిదప అన్నము సరిగా తినడు, రాత్రి ప్రక్క తడుపును, బడికి పొమ్మన్నచో కడుపునొప్పి అనును. మనము మొండితనమందుము; దెబ్బలు వేయుదుము. గాలి సోకినదని తాయెత్తు కట్టించుదుము. ఆ బిడ్డ మాత్రము బొమ్మను చాపక్రింద దాచి, వెదకి, కనుగొని, మరల దాచుచుండును. తాను ఎదురుచూచుచున్నదేమో ఆ ఆటలో చెప్పుచునే యున్నాడు. వినువారు లేరు. నేనీ విషయమును ఈ సభలో ఎత్తుటకు కారణమిదియే. దెబ్బవలన ప్రక్క తడుపుట మానదు. బిడ్డ నోరు మాత్రము మూతపడును.

ఇక వృత్తిని గూర్చి. బొమ్మలు కొని గదిలో పెట్టినంతమాత్రమున ఎవరును క్రీడాచికిత్సకులు కారు. అమెరికాలో ఈ వృత్తివారి సంఘము 1982లోను, బ్రిటనులో 1992లోను ఏర్పడినవి. అమెరికా సంఘమువారి పట్టికలో పేరు చేరవలెనన్నచో, మానసికారోగ్య రంగమున ఉన్నత పట్టమును, ప్రభుత్వ అనుమతియు ఉండి, ఆపైన 150 గంటల ప్రత్యేక బోధనను పొంది, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో కొన్ని వందల గంటలు అభ్యసింపవలెను. మన దేశమున భారత పునరావాస మండలి, 1992 నాటి చట్టము ననుసరించి, క్లినికల్ సైకాలజిస్టుల పేర్లను నమోదు చేయును. క్రీడాచికిత్సకుడను పేరుతో వేరొక వర్గము ఆ పట్టికలో లేదు. అందుచేత బల్ల కట్టినవారినందరను నమ్మరాదు. మీ చదువేమి, పిల్లలతో పనిచేయుటకు ఎక్కడ శిక్షణ పొందితిరి, మీ పనిని పర్యవేక్షించువారెవరు, మా బిడ్డ మెరుగగుచున్నాడని ఎట్లు తెలిసికొందురు, ఈ నాలుగు ప్రశ్నలు అడుగుట తల్లిదండ్రుల హక్కు. మంచి చికిత్సకులు వీనికి కోపింపరు.

మంచి చికిత్సకుల లక్షణములు మరికొన్ని కలవు. ముందుగా వైద్యపరీక్ష జరిగినదా అని విచారింతురు. వినికిడి లోపము, మూర్ఛ, మెదడు ఎదుగుదలలో ఆలస్యము మొదలగు వానిని ఆటతో నయము చేయుదుమని చెప్పరు. ఒక్క దినములో ఫలితము వచ్చునని ఆశ పెట్టరు. సాధారణముగా వారమున కొక్కమారు, ముప్పావుగంట చొప్పున, కొన్ని నెలలు పట్టును. బిడ్డ ఆటలో వెలిబుచ్చిన దానిని ఊరివారికి చాటరు. తల్లిదండ్రులకును సారము చెప్పుదురుగాని ప్రతి మాటను అప్పగింపరు. కాని బిడ్డను ఎవరైన హింసించుచున్నట్లు తెలిసినచో రహస్యమని దాచరు. పిల్లలపై లైంగిక నేరము జరిగినట్లు తెలిసినవారు పోలీసులకు తెలుపవలెనని 2012 నాటి పోక్సో చట్టము శాసించుచున్నది. ఈ విధి చికిత్సకులకే కాదు, మనకందరకును వర్తించును.

ఈ చికిత్స నిజముగా పనిచేయునా? 2005లో అమెరికా పరిశోధకులు కొందరు, 1953 మొదలు 2000 వరకు జరిగిన 93 పరిశోధనలను ఒకచోట చేర్చి పరిశీలించిరి. చికిత్స పొందిన పిల్లలు పొందనివారికన్న చెప్పుకొనదగినంత మెరుగైరని తేలినది. ఆ పరిశోధనలలో చాలవరకు చిన్నవి. కనుక మితిమీరిన మాటలు చెప్పరాదు. అయినను అందులో మనకు పనికివచ్చు విశేష మొకటి కలదు. తల్లిదండ్రులకే శిక్షణ యిచ్చి, వారిచేతనే ఆటను నడిపించినచోట ఫలితము మరింత అధికముగా కనిపించినది. ఈ పద్ధతిని 1960 ప్రాంతమున బెర్నార్డ్ గర్నీ, లూయీస్ గర్నీ దంపతులు రూపొందించిరి.

ఆ పద్ధతినుండి మన యిండ్లకు తగినంత గ్రహింపవచ్చును. వారమున కొకనాడు, ఒకే చోట, ఒకే వేళకు, ఒక్క బిడ్డతో అరగంట కూర్చుండుడు. సెల్‌ఫోను దూరముగ పెట్టుడు. కొంచెము బంకమన్ను, లక్కపిడతలు, గుడ్డబొమ్మ, చిన్న బండి, రంగుపెన్సిళ్లు, కాగితములు చాలును. ఖరీదైన వస్తువు అవసరము లేదు. ఏమి ఆడవలెనో బిడ్డ నిర్ణయించును. మీరు పాఠము చెప్పరాదు, దిద్దరాదు, “ఇదేమిటి? ఎందుకు?” అని గ్రుచ్చి గ్రుచ్చి అడుగరాదు. చూచినదానిని పలుకుడు: “బండి బోల్తా పడింది. ఎవరూ రాలేదు.” మిగిలినది బిడ్డ చెప్పును, లేక చెప్పడు. బిడ్డ అల్లరి చేసినాడని శిక్షగా ఆ అరగంటను రద్దు చేయరాదు. ఆకలితో అలిగిన బిడ్డకు అన్నము మానిపింతుమా? ఇదియు అట్టిదే. ఇది చికిత్స కాదు, అన్నము. కాని చాలమంది పిల్లలకు ఈ అన్నమే చాలును.

ఈ అన్నము చాలని పిల్లలను గుర్తించుట కొన్ని ఆనవాళ్లు. వచ్చిన మాట పోవుట, వారముల తరబడి నిద్రయు ఆకలియు చెడుట, ఒకే భయంకరమైన ఆటను నవ్వులేక ఆడుచుండుట, తన్ను గాని పశువులను గాని హింసించుట, చనిపోయెదనని పలుకుట. ఇట్టి బిడ్డను ఆలస్యము చేయక చూపింపవలెను. జిల్లా కేంద్రములందు ప్రభుత్వ ఆసుపత్రులను ఆశ్రయించి జిల్లా సత్వర చికిత్సా కేంద్రములు కలవు. పిల్లల ఎదుగుదలను, ప్రవర్తనను అక్కడ పరీక్షింతురు. 2022 అక్టోబరున ఆరంభమైన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులోనే సలహా చెప్పుదురు. బిడ్డ ఆపదలో నున్నచో 1098 సంఖ్య కలదు. ఈ రెండు సంఖ్యలను గ్రంథాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపవలసినదిగా కార్యవర్గమువారిని కోరుచున్నాను.

మరియొక మనవి. గ్రంథాలయమున బాలల కొక మూల కేటాయింపుడు. చాప, ఇసుకపెట్టె, కొన్ని కొండపల్లి బొమ్మలో ఏటికొప్పాక బొమ్మలో ఉంచుడు. వారమున రెండు సాయంకాలములు ఓర్పుగల పెద్దవారొకరు అక్కడ కూర్చుండవలెను. వారు గురువులు కారు, వైద్యులును కారు. బిడ్డల ఆటకు అర్థములు చెప్పరాదు. “ఫలానా వారి పిల్ల ఇట్లు ఆడినది” అని రచ్చబండపై ముచ్చటింపరాదు. ఫోటోలు తీసి పంచరాదు. అక్కడ చూచినదానిలో కలవరపెట్టునది ఏదైన ఉన్నచో, తల్లిదండ్రులను ప్రత్యేకముగ పిలిచి, నింద లేకుండ చెప్పవలెను. ఆటయు విశ్రాంతియు ప్రతి బిడ్డకును హక్కులని 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక ప్రకటించినది. మన దేశము 1992లో దానిని అంగీకరించినది. ఢిల్లీలో అంగీకరించిన హక్కు మన ఊరి చాపమీదకు రావలెనన్నచో ఆ చాపను పరచువారు మనమే.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా గ్రామస్థులకు నిశ్శబ్దముగా చదువుకొను చోటు నిచ్చినది. ఇకమీదట ఒక మూల పిల్లలు చప్పుడు చేసికొను చోటును కూడ ఇయ్యవలెను. మాటలు రానివారి మాటలను ఓర్పుతో వినుట నేర్చిన గ్రామమున, రేపు వారు పెద్దవారై తమ కష్టమును నోటితో చెప్పుకొనుటకు జంకరు.